అట్ట మీద ముప్పై నాలుగు మిషన్లు

పదకొండింటికి పిలుస్తామన్నారు, ఇప్పుడింకా పదీ ఐదే, ఫరవాలేదు, నాలుగేళ్ళు ఆగిన మనిషికి ఇంకో గంట ఆగడం ఒక లెక్కా అనుకుంటూ ఆమె డైరెక్టరు గది బయట ఇనప బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. ఒళ్ళో ట్యాగు వేసి కట్టిన నలభై కాగితాలు, ప్రింటరు వేడి ఇంకా పోలేదో, ఆ వేడి తన అరచేతులదో తెలియదు. ఈ కాగితాలతో ఇవాళ స్టోర్సు ఆఫీసరు కొంప కూలిపోవాలి. కూలడమంటే చాటుమాటుగా కాదు, అందరూ చూస్తుండగా కూలాలి, ముందు ఆ నవ్వు పోవాలి, తరవాత నుదుటి మీద చెమట పట్టాలి, తరవాత అడిగినదానికి నీళ్ళు నమలాలి, ఆ వరసలోనే జరగాలి, వరస తప్పితే ఆమెకి తృప్తి ఉండదు. బస్సులో కిటికీ పక్కన, వంటింట్లో కూర తరుగుతూ, స్నానానికి నీళ్ళు తోడుకుంటూ ఈ బొమ్మని ఎన్నిసార్లు వేసి చూసుకుందో. మూడేళ్ళుగా ఆయన కిందే కంప్యూటర్ ఆపరేటరుగా పని చేస్తూ, రోజూ పొద్దున్నే నమస్తే సార్ అని నవ్వుతూ, ఆ నవ్వు వెనక పళ్ళు నూరుతూ గడిపింది. ఆ నవ్వులో విషం ఎంతుందో కొలిచే మిషను ఈ ఆసుపత్రిలో లేదు గానీ, ఉంటే దానికీ ఒక స్టిక్కరు అంటించి ఉండేవాడు మహానుభావుడు.

స్టిక్కర్లంటే ఆయనకి అంత పిచ్చి. ఏ వస్తువు ఎక్కడుందో ఎవరికీ తెలియని రోజుల్లో, ఒక వార్డులో మందెక్కించే పంపు ఇంకో వార్డు బీరువాలో దొరికే రోజుల్లో, ఈ బార్ కోడ్లు తెచ్చింది ఆయనే. ప్రతి మిషనుకీ ఒక తెల్ల స్టిక్కరు, దాని మీద నల్ల గీతలు, గీతల కింద నంబరు, వాటికి స్కానరు చూపిస్తే బీప్‌మని ఒక కూత, అంతే, ఆ మిషను ఫలానా వార్డులో ఫలానా నిమిషానికి ఉన్నట్టు కంప్యూటర్లోకి ఎక్కిపోతుంది. ట్రైనింగు రోజున స్కానరు మొరాయిస్తే ఆయనే నోటితో బీప్ అన్నాడనీ, ఆ పూట నుంచి నర్సులందరికీ ఆయన బీప్ సారేననీ చెప్పి అక్క పడీ పడీ నవ్వింది. అప్పట్లో అక్క నవ్వేది. రెండో అంతస్తు వార్డుకి అక్క హెడ్ సిస్టరు, ముప్పై నాలుగు మిషన్లకి ఆవిడే జవాబుదారీ, రోజూ పొద్దున ఎనిమిదిలోపు ముప్పై నాలుగూ స్కాన్ అయిపోవాలి, కాకపోతే కంప్యూటర్లో ఆ వార్డు పేరు ఎర్రగా కనబడుతుంది, ఎర్రగా కనబడితే మీటింగులో నలుగురి ముందూ చీవాట్లు. ఇక్కడో చిక్కు ఉంది, ఆ స్టిక్కర్లు స్పిరిటుకి ఆగవు. మిషన్లు రోజూ స్పిరిటుతో తుడవాలి, తుడిస్తే గీతలు చెరుగుతాయి, చెరిగితే స్కానరు పలకదు. దానికి బీప్ సారు కనిపెట్టిన ఉపాయమే అట్ట. ఆ వార్డు మిషన్లన్నిటి గీతలూ ఒకే అట్ట మీద వరసగా ప్రింటు తీయించి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, మూలన చిల్లు పెట్టి దారం కట్టి వార్డుకొకటి పంచాడు. స్టిక్కరు చెరిగినప్పుడు మాత్రమే దాని బదులు అట్టకి చూపించండి, అంతే సుమా, అన్నాడట. అంతే సుమా! మొదట చెరిగినవాటికి, తరవాత దూరంగా మూలనున్నవాటికి, తరవాత చేతిలో పని తెమలని రోజున అన్నిటికీ. నెల తిరిగేసరికి అన్ని వార్డుల్లోనూ అందరూ మిషను మొహం చూడటం మానేశారు, కుర్చీలోంచి లేవకుండా రెండు నిమిషాల్లో ముప్పై నాలుగు బీపులు. ఇది బీప్ సారుకి తెలియదా, శుభ్రంగా తెలుసు, తెలిసే మీటింగులో తెర మీద పచ్చగా మెరిసే అంకెలు చూపించి చప్పట్లు కొట్టించుకున్నాడు.

అటెండరు వచ్చి ఫ్యాను వేసి, ఇంకా టైముంది మేడం, టీ తెప్పించనా అన్నాడు. వద్దంది. గొంతులోకి ఏదీ దిగేలా లేదు. గొంతు అనుకోగానే తొమ్మిదో నంబరు మంచం గుర్తొచ్చింది, తను ఆ మంచాన్ని ఎప్పుడూ చూడలేదు, అయినా ఆ మంచం మీది మనిషిని అక్క నోట విని విని కళ్ళకి కట్టినట్టు చూడగలదు. బస్సు డ్రైవరు, భారీ మనిషి, గొంతుకి ఆపరేషను చేసి గొట్టం వేశారు, ఆ గొట్టంలో కఫం అడ్డం పడితే సక్షన్ మిషనుతో లాగెయ్యాలి, లాగకపోతే ఊపిరి అందదు. ఆ పొద్దున అడ్డం పడింది. కొత్తగా చేరిన నర్సు కంప్యూటరు చూసింది, సక్షన్ మిషను వార్డులోనే ఉందని పచ్చటి అక్షరాలతో ఉంది, ఉందంటే ఉన్నట్టే కదా, సామాన్ల గదిలో వెతికింది, తెరల వెనక వెతికింది, మంచాల కింద వెతికింది. ఆ మిషను మూడు వారాల క్రితమే పాడై కింద సెల్లార్లో రిపేరు గదిలో పడుందని ఆ పిల్లకేం తెలుసు. అక్క అప్పుడు మందుల గదిలో ఉంది, కేక విని పరిగెత్తుకొచ్చి, మూడో అంతస్తుకి మెట్లెక్కి వాళ్ళ మిషను చేతుల మీద మోసుకొచ్చింది. ఆరు నిమిషాలు ఆలస్యమైంది. ఆ ఆరు నిమిషాల్లో డ్రైవరు పోయాడు.

ఎంక్వయిరీలో బీప్ సారు కంప్యూటర్లోంచి ఒక్క కాగితం తీసి బల్ల మీద పెట్టాడు, ఆ ఉదయం ఏడూ యాభై రెండుకి సక్షన్ మిషను రెండో అంతస్తు వార్డులోనే ఉన్నట్టు. మిషను దగ్గరుండీ సమయానికి వాడలేదు కాబట్టి వార్డు నిర్లక్ష్యమే అని తేల్చి అందరూ చేతులు దులుపుకున్నారు. అక్క ఒక్క మాట మాట్లాడలేదు. రాజీనామా రాసిచ్చేసింది. వరండాలో డ్రైవరు భార్య అందరి ముందూ అక్క చెంప ఛెళ్ళుమనిపిస్తే, అక్క ఆ కొట్టిన చేతినే రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయిందట. ఆ మాట విన్నప్పుడు ఆమెకి ఒళ్ళు మండిపోయింది, నోట్లో నాలుక లేని మనిషివే నువ్వు అని అక్క మీద అరిచింది కూడా. ఇంటికొచ్చిన రోజు అక్క చెప్పింది ఒక్కటే, ఆ మిషను రిపేరుకెళ్ళి మూడు వారాలైందే చిట్టీ, అని. ఆ ఒక్క ముక్క చాలు. రిపేరు గదిలో ఉన్న మిషనుని వార్డులో ఉందని స్కాన్ చేసిందెవడు, అట్టలు పంచినవాడే, ఇంకెవడు. ఆ పూటే ఒట్టేసుకుంది. ఏడాది తిరక్కుండా ఉన్న ఉద్యోగం వదిలేసి ఇక్కడి స్టోర్సులో చేరింది, ఫలానావిడ చెల్లెలినని ఎవరికీ తెలియనివ్వలేదు, పాత రికార్డు అంతా ఎక్కడ దాచారో తెలుసుకోవడానికే రెండేళ్ళు పట్టింది. అక్క మాత్రం ఇంట్లో పప్పు డబ్బా మూత తీసి, ఎందుకు తీసిందో మరిచిపోయి, మూత చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడిపోయేది. ఆ మూత చూసినప్పుడల్లా బీప్ సారుకి మూడు చెరువుల నీళ్ళు తాగించకపోతే నా పేరు మార్చుకుంటాననుకునేది.

డ్రైవరు భార్య వచ్చింది. పదిన్నరయింది కాబోలు. నాలుగేళ్ళుగా అర్జీ మీద అర్జీ పెడుతూ ఈ రెండో ఎంక్వయిరీ వేయించింది ఆవిడే, చేతిలో నలిగిన ప్లాస్టిక్ సంచీ, సంచీ నిండా కాగితాలు, జుట్టు నాలుగేళ్ళకి మించి నెరిసింది. అటెండరు ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. ఆమె ఆవిణ్ణి కిందికీ పైకీ చూసి, నీ సంగతి తరవాత చెబుతానమ్మా, అనుకుంది మనసులో. ఇవాళ నిజం బయటపడ్డాక నువ్వు మా ఇంటికి రావాలి, మా అక్క కాళ్ళ దగ్గర కూర్చోవాలి, అంతదాకా నిన్ను కూడా వదలను. పగకి ఒక జాబితా ఉంటుందని ఎవరూ చెప్పరు గానీ ఉంటుంది, ఒకటో నంబరు ఆయన, రెండో నంబరు ఈవిడ, మూడు, నాలుగు, ఆ రోజు బల్ల చుట్టూ కూర్చుని తలలూపిన పెద్దమనుషులు. కాగితాల కట్టని అరచేత్తో నిమిరింది. సాఫ్ట్‌వేరు వాళ్ళు తను అడిగిన పాత రికార్డంతా ఇవాళ పొద్దున్నే పంపారు, ప్రింటు తీసి తెమ్మని డైరెక్టరు మేడం తనకే చెప్పింది, ఏ మిషను ఎప్పుడు ఎక్కడుంది, ఎవరు స్కాన్ చేశారు, ఎవరు సరేనన్నారు, అన్నీ ఉన్నాయి, ముందు వార్డులవారీ పట్టీలు, తరవాత మిషనుకో కాగితం. పైపైన తిరగేసింది, పట్టీల్లో ఎక్కడ చూసినా రెండు నిమిషాల్లో ముప్పై, నలభై స్కాన్లు, అట్టల బాగోతం పట్టపగల్లా కనబడుతోంది, ఆ సంతోషంలో అన్నీ చదవలేదు.

బెంచీ కిర్రుమంది. బీప్ సారు వచ్చి పక్కన, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. చెమటా లేదు, ఏమీ లేదు, పైగా చూపులో ఏదో జాలి లాంటిది, అది చూసి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

“సక్షన్ మిషను కాగితం చూశావా అమ్మా?”

“అన్నీ చూశాను సార్. అన్నీ చూపిస్తాను కూడా.”

“అది చూసి ఉంటే ఇలా కూర్చోవులే. నువ్వెవరో నాకు మొదటి రోజే తెలుసు, నడక అచ్చం మీ అక్కదే. తెలిసే నీ అప్లికేషన్ మీద సంతకం పెట్టాను. ఆ కాగితం ఒక్కసారి చూడు. చూశాక, అది ఉంచాలో తీసెయ్యాలో నీ ఇష్టం. తీసేస్తే నాకూ మంచిదే, కాదనను. మీ ఇంటికీ మంచిది.”

మూడేళ్ళ నటన ఒక్క మాటతో చిరిగిపోయింది. అంటే ప్రతి పొద్దునా తను నవ్వుతుంటే ఈయన కూడా తెలిసే నవ్వాడన్నమాట. సిగ్గుతో చెవులు వేడెక్కాయి, అబద్ధం, నన్ను తికమక పెట్టడానికి ఆడుతున్నాడు అనుకుంటూనే వేళ్ళు కాగితాలు తిప్పుతున్నాయి. పదమూడో, పద్నాలుగో కాగితం. సక్షన్ మిషను, రెండో అంతస్తు. పై వరసలో మిషను రిపేరు గదికి వచ్చినట్టు, తీసుకున్నది స్టోర్సు ఆఫీసరు. సరే. ఆ కింద ఇరవై ఒక్క వరసలు, ఇరవై ఒక్క ఉదయాలు, మిషను వార్డులో ఉంది, ఉంది, ఉంది, సరిచూసి ఆమోదించినది స్టోర్సు ఆఫీసరు. సెల్లార్లో తన చేత్తో దించుకున్న మిషనుని పైన వార్డులో ఉందని ఇరవై ఒక్కసార్లు ఒప్పుకున్నాడు, దొరికావురా, ఈ ఒక్క కాగితం చాలు నిన్ను ముంచడానికి. స్కాన్ చేసినవారు అన్న గడిలో, ఇరవై ఒక్కసార్లూ, నాలుగు వందల పదిహేడు.

నాలుగు వందల పదిహేడు. అక్క టిఫిన్ డబ్బా అడుగున మేకుతో గీసుకున్న నంబరు, వార్డులో డబ్బాలు తారుమారవుతున్నాయని తన ఉద్యోగి నంబరే గీసుకుంది, ఆ డబ్బాని ఆమె పదేళ్ళు తోమింది. తప్పు పడిందేమోనని మళ్ళీ చూసింది, వేలు పెట్టి ఒక్కో వరసా చూసింది, పాత ప్రింటరు ఏడుని ఒకటిలా వేస్తుందేమోనని వెలుతురుకి ఎత్తి చూసింది. చివరి వరస ఏడూ యాభై రెండు. అక్క కుర్చీలో కూర్చుని ఉంటుంది, అట్ట దారం పట్టుకుని, ఎర్రగా కనబడకూడదని, బీప్ బీప్ బీప్, పక్కన ఎవరో ఏదో అంటే నవ్వుతూ ఉంటుంది కూడా. తరవాత లేచి మందుల గదికి వెళ్ళి ఉంటుంది. మిషను లేదని అక్కకి తెలుసు, అందుకే కేక వినగానే వెతక్కుండా సరాసరి మూడో అంతస్తుకి పరిగెత్తింది, అయ్యో, ఆ సంగతి నాలుగేళ్ళుగా తన కళ్ళ ముందే ఉంది, అక్క ఎందుకు వెతకలేదని ఒక్కసారైనా అడగలేదు. ఎంక్వయిరీలో నోరెత్తనిది నోరు లేక కాదు. చెంప దెబ్బ తిని చెయ్యి పట్టుకున్నది మంచితనంతో కాదు. మరి నేనేంటి, మూడేళ్ళు ఎవరి కోసం పళ్ళు నూరాను, ఎవరి కోసం ఉన్న ఉద్యోగం వదిలాను, నా పగనంతా గిన్నెలో అన్నంలా వడ్డించుకుని రోజూ తింటూ కూర్చుందా, ఒక్క మాట చెప్పలేకపోయిందా. బీప్ సారు మీద కూడా ఇంత కోపం రాలేదు. ఫోను తీసి కిటికీ దగ్గరికి వెళ్ళింది, అక్కకి చేసింది.

“అక్కా, ఆ ఇరవై ఒక్క రోజులూ స్కాన్ చేసింది నువ్వేనా?”

అవతల నీళ్ళ పంపు కట్టేసిన చప్పుడు.

“నేనేనే.”

“నాకెందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళు నన్ను పిచ్చిదాన్ని చేశావా?”

“చెబుదామనే అనుకున్నాను చిట్టీ. నా తరఫున నువ్వంత కోపంగా తిరుగుతుంటే ఎందుకో బాగుండేది. ఒక్కళ్ళైనా నా తప్పు లేదని నమ్ముతున్నారు కదా అనిపించేది. ఆ ఒక్కళ్ళనీ పోగొట్టుకోలేకపోయాను.”

“ఆ కాగితం నా చేతిలో ఉంది. ఏం చెయ్యమంటావు?”

అక్క అంది, “నన్నడక్కే. నేను చెబితే తీసెయ్యమనే చెబుతాను.” ఫోను పెట్టేసింది.

కిటికీ కింద అంబులెన్సు వెనక్కి వస్తోంది, ఎవరో చెయ్యి ఊపుతూ రా రా రా అంటున్నారు. తీసెయ్యడానికి ఎంతసేపు, ట్యాగు ముడి విప్పి, ఒక్క కాగితం లాగి, మళ్ళీ ముడి వేస్తే సరి, కాగితాలకి నంబర్లు లేవు, నలభై ఉన్నా ముప్పై తొమ్మిది ఉన్నా ఎవరికీ తెలియదు, సక్షన్ మిషనుది ఏదని అడిగితే పాత రికార్డులో దొరకలేదంటే సరి. తీసేస్తే మిగిలేది అట్టల అలవాటు ఒక్కటే, అందరూ చేసేదే, బీప్ సారుకి ఒక మెమో ఇస్తారు, ఆయన ఆ మెమోని మడిచి జేబులో పెట్టుకుని రిటైరై పూలమొక్కలు పెంచుకుంటాడు. ఆయన్ని ముంచాలంటే ఈ కాగితం ఉండాలి. ఈ కాగితం ఉంటే ఆయనతో పాటు అక్క కూడా మునుగుతుంది, ఇరవై ఒక్కసార్లు మునుగుతుంది. పగ ఇలా పక్క మనిషిని కూడా లాగుతుందని తెలిస్తే మొదలుపెట్టేదా, పెట్టేదే, తన సంగతి తనకి తెలుసు. ముడి మీద గోరు ఆనించింది. కొంచెం వదులైంది కూడా. తనకి జ్వరమొస్తే తల ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డ వేసిన అక్క చెయ్యి, తన పదో తరగతి ఫీజుకి గాజులమ్మిన చెయ్యి, అట్ట దారం పట్టుకున్న చెయ్యి, ఒకటే చెయ్యి. మరి ఆ డ్రైవరో, ఊపిరి కోసం మంచం కమ్మీ పట్టుకున్న చెయ్యి అతనిది. అతని తరఫున పళ్ళు నూరినవాళ్ళెవరు, ఒక్క ఆడమనిషి, నలిగిన సంచీతో. ఆవిడకి నాలుగేళ్ళుగా అందరూ చెప్పిన అబద్ధానికి ఇప్పుడు తను కూడా ఒక ముడి వెయ్యబోతోంది. ఈ నాలుగేళ్ళలో ఆమె తనని తాను కోపిష్ఠిదనుకుంది, మొండిదనుకుంది, దొంగ మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

“మేడం, పిలుస్తున్నారు,” అన్నాడు అటెండరు. బీప్ సారు ముందు లేచాడు, తలుపు దగ్గర ఆగి ఆమె చేతుల్లోకి చూశాడు, కాగితం తీసిందో లేదో కట్ట చూస్తే తెలియదు, అది తేలక మొదటిసారి ఆయన మొహంలో రంగు మారింది. మారిన ఆ రంగు కోసమే కదా ఇన్నాళ్ళూ, అయినా కడుపులో చల్లగా ఏమీ అనిపించలేదు.

లోపల పొడుగాటి బల్ల, డైరెక్టరు మేడం, అటూ ఇటూ ఇద్దరు డాక్టర్లు, గోడ పక్క కుర్చీలో సంచీ ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు భార్య. ఆమె కట్ట బల్ల మీద పెట్టింది. డైరెక్టరు మేడం ఒక్కో కాగితం తిప్పుతూ వెళ్ళింది, తొందరేమీ లేదు ఆవిడకి, అట్టల గురించి అడిగింది, ఎవరు ప్రింటు తీయించారని అడిగింది, నేనేనండీ అన్నాడు బీప్ సారు, వినబడలేదంటే రెండోసారి చెప్పాడు. ఇంకో కాగితం. ఇంకోటి. ఒకచోట ఆగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దగ్గరగా పెట్టుకుని చదివింది.

“ఈ సక్షన్ మిషను రిపేరు గదికి వచ్చినట్టు మీరే తీసుకున్నారు. అది వార్డులో ఉందని మళ్ళీ మీరే ఒప్పుకున్నారు, ఇరవై ఒక్క రోజులు.” బీప్ సారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు. “సరే, ముందు ఇది చెప్పండి. స్కాన్ చేసిన ఈ నాలుగు వందల పదిహేడు ఎవరు?”

“పాత స్టాఫు ఎవరో అయ్యుంటారు మేడం, ఉద్యోగం మానేసినవాళ్ళ నంబర్లు ఇప్పుడు మన దగ్గర లేవు,” అన్నాడాయన, నేల చూస్తూ. అది తన కోసం అన్నాడో, ఆమె కోసం అన్నాడో, ఇద్దరి కోసమూ అన్నాడో. డైరెక్టరు మేడం ఆపరేటరు వైపు చూసింది, నీకేమైనా తెలుసా అన్నట్టు.

ఆమె డైరెక్టరు వైపు చూడలేదు. బీప్ సారు వైపూ చూడలేదు. గోడ పక్క కుర్చీలో కూర్చున్న మనిషి వైపు తిరిగింది.

“అట్ట ఇచ్చింది ఈయనండీ,” అంది. “స్కాన్ చేసింది మా అక్క.”